సగం ఇటుక

ఆ ఇంట్లో పొద్దున్నే మొదట లేచేది అమ్మ. ఆసుపత్రి లాండ్రీలో ఆమెకి పని. తెల్లారేసరికి దుప్పట్లు ఉడికే తొట్ల దగ్గర ఉండాలి. టీ కాచి, సగం నిలబడే తాగి, మిగతా సగం మొగుడికి మూతపెట్టి వెళ్ళిపోయేది. తర్వాత నాన్న లేచేవాడు. లేవడమంటే మంచం దిగడం కాదు. ముందు కూర్చోవాలి. రెండు మోకాళ్ళనీ అరచేతులతో పట్టుకుని కాసేపు బతిమాలుకోవాలి. అవి ఒప్పుకుంటే నిలబడాలి. జీవితమంతా ఇటుకలు మోసి, పరంజాలెక్కి, ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి గోడలు లేపిన తాపీ మేస్త్రి మోకాళ్ళు అవి. గోడలన్నీ నిటారుగానే ఉన్నాయి. మోకాళ్ళే వంగిపోయాయి.

ఆఖర్న లేచేది కూతురు. డిగ్రీ ఆఖరి సంవత్సరం, రసాయన శాస్త్రం. ఆ పిల్లని ఇంట్లోనూ వీధిలోనూ అందరూ నిదానం అనే పిలిచేవాళ్ళు. పుట్టడమే చెప్పిన రోజుకి పుట్టలేదు. చిన్నప్పుడు పెన్సిల్ కొనుక్కోమని కొట్టుకి పంపిస్తే, ఎర్రదా పచ్చదా తేల్చుకోలేక కొట్టువాడు తలుపులు వేసేదాకా నిలబడి ఉత్త చేతుల్తో తిరిగొచ్చింది.

"నిదానమే ప్రధానం అన్నారు గానీ, నిదానంగా బస్సు వెనకాల పరిగెత్తమన్లేదు కదే!" అనేది అమ్మ.

లేవగానే ఆ పిల్ల చెయ్యాల్సిన పని ఒకటుంది. ముందుగదిలో రాత్రి పడ్డ ఇటుకలు ఏరి పెరట్లోకి మొయ్యడం.

ఆ ఇంట్లో ఎవరు ఎవరికి సలహా చెప్పినా ఆ మాట ఇటుకై పడుతుంది. కూరలో ఉప్పెయ్యి, గొడుగు తీసుకెళ్ళు లాంటి మాటలకి గులకరాయి కూడా పడదు. బతుకెలా బతకాలో చెబితే మాత్రం, చెప్పినవాళ్ళ కాళ్ళ ముందు దబ్బుమని పడుతుంది. తాతల కాలం నుంచీ అంతే. వచ్చిపోయేవాళ్ళకి అలవాటే. పెద్దమాట ఏదైనా చెప్పబోయే ముందు కాళ్ళు కాస్త వెనక్కి లాక్కుని చెప్పేవాళ్ళు.

ఇల్లు కట్టింది కూడా ఆ ఇటుకలతోనే. వంటగది గోడ అమ్మానాన్నల పెళ్ళప్పుడు వచ్చినవాళ్ళ మాటలతో కట్టింది. మొగుణ్ణి ఎలా చూసుకోవాలి, పెళ్ళాన్ని ఎలా అదుపులో పెట్టాలి అని తలా ఒకటి చెప్పి, తిని, పోయారు. ఆ గోడకి ఈనాటికీ చెమ్మ. సున్నం ఎన్నిసార్లు వేసినా బూజులా పొంగి రాలిపోతుంది. పొయ్యి కింద దిమ్మ మాత్రం నాన్నకి పని నేర్పిన ముసలి మేస్త్రి మాటలతో కట్టింది. అది ఇంతవరకూ బీటలివ్వలేదు. పెరటి గోడ తాత హయాంలో ఎవరెవరో చెప్పిన మాటలు. పోయిన వానలకి సగం కూలింది. ఆ సందులోంచి వీధి కుక్కలన్నీ లోపలికొచ్చి, సొంత ఇల్లు చూసుకుంటున్నట్టు అన్నీ చూసి పోతున్నాయి.

గోడ మళ్ళీ కట్టాలని నాన్న కోరిక. ఇటుకలకి కరువు లేదు కదా అనుకోవచ్చు. అక్కడే ఉంది బాధ. ఎన్ని పడ్డా పనికొచ్చేవి తక్కువ.

కాలింది, కాలనిది ఏదో నాన్నకి తెలుసు. రెండు ఇటుకల్ని ఒకదానికొకటి కొట్టి చూసేవాడు. ఖంగుమంటే మంచిది. పిడకని పిడకతో కొట్టినట్టు మొద్దుగా మోగితే పక్కన పడేసేవాడు. మేకుతో గీసి చూసేవాడు. ఆఖరికి నీళ్ళ తొట్టిలో నానేసేవాడు. పొద్దున్నకి పచ్చి ఇటుకలన్నీ కరిగి తొట్టి అడుగున ఎర్రటి బురదై కూర్చునేవి. తాను ఏ మంటలోనూ కాలకుండా ఎదుటివాడికి దారి చెప్పేవాడి మాట ఇంకేమవుతుంది? సలహా చెప్పేవాడికి పోయేదేముంది? నోరు నొప్పి పుట్టదు, కాలు అరగదు. చెప్పి, టీ తాగి, మూతి తుడుచుకుని పోతాడు. మొయ్యాల్సింది విన్నవాళ్ళు.

ఆ సంవత్సరం నిదానం మోసింది. ఆఖరి సంవత్సరం అనే మాట ఎవరి చెవిన పడితే వాళ్ళే మేధావులయ్యారు.

అందరికంటే ఎక్కువ ఇటుకలు బాబాయివి. నాన్నకి ఒక్కగానొక్క తమ్ముడు. ఏ ఉద్యోగంలోనూ రెండు పండగలు చూడని మనిషి. ఆదివారం ఆదివారం వచ్చి కుర్చీలో కూర్చుని కాళ్ళు పైకి మడుచుకునేవాడు. కాళ్ళు మడిచాడంటే మొదలెట్టబోతున్నాడన్నమాట.

"అమ్మాయ్, బ్యాంకు పరీక్షలు రాయి. కళ్ళు మూసుకుని రాసెయ్యి."

దబ్బు.

"కళ్ళు మూసుకుంటే ప్రశ్న ఎలా కనబడుతుంది బాబాయ్?"

"ఇదిగో, ఈ ఎదురు ప్రశ్నల వల్లే నువ్విలా ఉన్నావు. పోనీ కంప్యూటర్ కోర్సులో చేరు. ఇప్పుడంతా కంప్యూటరే."

దబ్బు.

"పోయిన వారం కంప్యూటర్ల పని అయిపోయిందన్నావు కదయ్యా మరిదీ" అంది అమ్మ లోపల్నుంచి.

"అది పోయిన వారం వదినా. లోకం ఎంత వేగంగా మారుతోందో నీకు తెలీదు. టీచరు ట్రైనింగ్ చేస్తే ఆడపిల్లకి..."

దబ్బు. దబ్బు. అతను మాట పూర్తి చెయ్యకముందే రెండు పడ్డాయి.

"ఒరేయ్, నెమ్మది. నేల పగులుతుంది" అన్నాడు నాన్న.

"నేను మంచి కోరి చెబుతున్నానన్నయ్యా."

"నువ్వు చెడు కోరావని ఎవరన్నారు? నేల సంగతి చెప్పాను."

బాబాయి ఒక్కడే అయితే సరిపోను. పక్కింటి టీచరమ్మ పై చదువులు చదవమంది. ఎదురింటాయన పై చదువులు చదివిన తన కొడుకు ఖాళీగా ఉన్నాడని చెప్పి ఏదో ఒకదాంట్లో దూరిపొమ్మన్నాడు. దారినపోయే పాలవాడు కూడా లోపలికి తొంగి చూసి, సొంత వ్యాపారం పెట్టుకోమని ఒకటి పడేసి పోయాడు. ఒక్క అమ్మ మాత్రం ఏనాడూ ఏమీ చెప్పలేదు.

"నువ్వైనా ఏదో ఒకటి చెప్పమ్మా" అని ఒకసారి అడిగింది నిదానం.

"నా నోట్లోంచి ఇటుక పడితే మళ్ళీ వంగి ఎత్తాల్సింది నేనేగా" అంది అమ్మ. "ఆసుపత్రిలో ఎత్తేది చాలు."

వీళ్ళందరికీ నిదానం ఇచ్చే జవాబు ఒకటే. తెలీదు. ఏం చేద్దామనుకుంటున్నావు? తెలీదు. ఏదంటే ఇష్టం? తెలీదు. ఆ మాట అనగానే ఎదుటివాళ్ళ ముఖంలో ఒక జాలి వచ్చేది. ఆ జాలిని చూసి ఆ పిల్ల తల వంచుకునేది. రానురాను ఆ మాట అనడం కూడా మానేసి నవ్వి ఊరుకోవడం నేర్చుకుంది. ఇరవై ఏళ్ళు దాటగానే జీవితమంతా ఏం చేస్తావో చెప్పమని పిల్లల్ని నిలదీస్తారే, ఆ అడిగే పెద్దల్లో ఎంతమంది తాము అనుకున్న చోట ఉన్నారు? ఒక్కణ్ణి చూపించమనండి. కానీ పిల్లకి ఆ సంగతి తెలీదు కదా. తనొక్కతే దారి తప్పిందనీ, మిగతావాళ్ళందరి చేతుల్లోనూ దారి రాసిన చీటీ ఉందనీ అనుకుంది.

కాలేజీలో చివరి ప్రాజెక్టుకి విషయం చెప్పాల్సిన రోజొచ్చింది. అందరూ చెప్పేశారు. యథాప్రకారం నిదానం మిగిలింది. ప్రాజెక్టు మేడమ్ కళ్ళజోడు పైకి తోసి చూసింది.

"ఏం చేస్తావమ్మా?"

నిదానం ముందు రోజు తొట్టి కడిగిన చేతుల్ని చూసుకుంది. గోళ్ళ సందుల్లో ఇంకా ఎర్రమట్టి ఉంది.

"మా ఇంట్లో ఇటుకలున్నాయి మేడమ్. కొన్ని నీళ్ళలో కరుగుతాయి, కొన్ని కరగవు. ఎందుకో చూస్తాను."

"ఎక్కడివి?"

"సలహాలండీ."

"ఎవరివి?"

"అందరివీ."

"ఒకే చోటువి కాకపోవడం మంచిదేలే" అని మేడమ్ ఆ పిల్ల పేరు పక్కన రాసుకుంది. "కానీ గుర్తుంచుకో. నానబెట్టి తూచడం మన లాబ్‌లో అవుతుంది. ఎంత బరువుకి పగులుతాయో చూడాలంటే ఊరి చివర కట్టుబడి సామాన్ల పరీక్షా కేంద్రానికి వెళ్ళాలి. ఆ యంత్రం అక్కడే ఉంది. వెళ్ళి అడుగు."

నిదానం అడుగుతానంది. అడగలేదు. బస్సు రోజూ ఆ కేంద్రం ముందు నుంచే పోయేది. పొడుగాటి రేకుల షెడ్డు, బయట వరసగా పేర్చిన సిమెంటు దిమ్మలు, లోపల్నుంచి ఏదో పగిలే చప్పుడు. బస్సు అక్కడ ఆగేది. ఆ పిల్ల కిటికీలోంచి చూసేది. బస్సు కదిలేది. ఏమని అడగాలో తెలీనప్పుడు ఎలా దిగడం?

అయినా మిగతా పని మాత్రం వదల్లేదు. పొద్దున్నే ఎండిన ఇటుకని తూచడం, నానబెట్టడం, తీసి తుడిచి మళ్ళీ తూచడం. ఎవరి ఇటుక ఎంత నీరు తాగిందో చూసుకోవడం. బాబాయివి స్పంజిలా తాగేవి. టీచరమ్మ చెప్పినవాటిలో పిల్లలకి పాఠం చెప్పే సంగతి ఉన్న ఇటుక గట్టిగా నిలబడింది. మిగతావి కరిగిపోయాయి. ఒకే మనిషి, రెండు రకాల ఇటుకలు! ఆ రోజు నిదానం అన్నం తినడం మర్చిపోయి పెరట్లోనే కూర్చుంది. బురదని వడకట్టి, ఆరబెట్టి, దాంట్లో ఉప్పెంత, సున్నమెంత అని తవ్వుకుంటూ పోయింది. నాన్న గుమ్మంలో కూర్చుని చూసేవాడు.

"దాన్నలా చూడకు, దిష్టి తగుల్తుంది" అనేది అమ్మ.

"పెన్సిల్ కొనలేక తిరిగొచ్చిన పిల్లేనా ఇది?" అనేవాడు నాన్న.

ఇంతలో కాలేజీకి ఒక కంపెనీ వచ్చింది. ఫోన్లలో జనం ఫిర్యాదులు విని, రాసిచ్చిన జవాబులు చదివి వినిపించే పని. వచ్చినవాళ్ళు చాలామందిని తీసుకున్నారు. నిదానాన్ని కూడా తీసుకున్నారు. ఎందుకంటే ఆ పిల్ల ఎవరి మాటకీ అడ్డు రాకుండా చివరిదాకా వింటుంది. చేరతారో లేదో సోమవారం సాయంత్రంలోగా చెప్పాలన్నారు. చెప్పకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి.

ఆ పిల్ల స్నేహితురాలు ఒకతె ఉంది. నోరు మూతపడదు గనక కాలేజీలో రేడియో అంటారు. రేడియో కూడా ఎంపికైంది. శుక్రవారం సాయంత్రం ఇద్దరూ ఇంటికొచ్చారు.

"నువ్వు చేరితే నేనూ చేరతానే. పక్కపక్క కుర్చీల్లో కూర్చుందాం" అంది రేడియో. కాళ్ళు మాత్రం వెనక్కి లాక్కుంది, అలవాటు ప్రకారం.

"నీకిష్టమేనా?"

"నా ఇష్టం ఎవడికి కావాలి? ఖాళీగా ఉన్నావా అని అడక్కుండా ఉంటారు, అది చాలు. నీకు?"

నిదానం నోట్లో ఆ పాత మాట మెదిలింది. మింగేసింది. నవ్వి ఊరుకుంది.

రేడియో వెళ్ళాక నాన్న పిలిచాడు. రోజంతా ఆయన అదే ఆలోచిస్తున్నాడు. మోకాళ్ళ మీద అరచేతులు రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఆయన పరంజా ఎక్కి ఏడాది దాటింది. ఇల్లు అమ్మ చేతుల మీద నడుస్తోంది. ఆ చేతులు సబ్బునీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడి ఉంటాయి.

"చేరిపో తల్లీ" అన్నాడు. "నీడపట్టున కూర్చుని చేసే పని. ఎండలేదు, వానలేదు. వచ్చినదాన్ని కాలదన్నుకోకు. ఉద్యోగమంటే ఉద్యోగమే. ఇష్టం అదే వస్తుంది."

దబ్బు.

ఇద్దరూ దాన్ని చూశారు. ఆ ఇంట్లో నాన్న ఇటుక పడటం చాలా అరుదు. పడిందంటే దాన్ని గోడలో పెట్టడమే గానీ పరీక్షించడం లేదు. పొయ్యి దిమ్మకి పక్కన పెట్టిన నాలుగూ ఆయనవే, ఇనుములాంటివి. ఇదీ చూడ్డానికి అలాగే ఉంది. నాలుగు మూలలూ తీరుగా, ఎర్రగా.

"నానెయ్యి" అన్నాడు నాన్న.

"వద్దు నాన్నా. నువ్వు చెప్పిందే కదా."

"ఎవరిదైనా నానెయ్యాల్సిందే. నీ ప్రాజెక్టులో నాకో రూలు, మీ బాబాయికో రూలా?"

నానేసింది. పొద్దున్న ఆయనే ముందు లేచాడు. మోకాళ్ళని బతిమాలకుండానే లేచి పెరట్లోకి వెళ్ళాడు. నిదానం వెళ్ళేసరికి తొట్టి అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తొట్టి నిండా ఎర్రనీళ్ళు. చెయ్యి పెట్టి అడుగు తడిమాడు. పిడికిలి పైకి తీసి తెరిచాడు. వేళ్ళ సందుల్లోంచి బురద జారిపోయింది.

ఊళ్ళో ఎవరైనా మీరు కట్టిన గోడకి బీట వచ్చిందంటే రాత్రికి రాత్రి తాపీ పట్టుకుని పరిగెత్తిన మనిషి. తన మాట బురదై పోవడం చూస్తూ నిలబడ్డాడు.

"నాన్నా, నీళ్ళు ఎక్కువయ్యాయేమో..."

"అబద్ధం చెప్పకు. నీళ్ళెప్పుడూ ఎక్కువ కావు." లుంగీ అంచుకి చెయ్యి తుడుచుకుని మెట్టు మీద కూలబడ్డాడు. "నేనెప్పుడైనా ఆ కుర్చీలో కూర్చున్నానా? ఆ ఫోను పట్టుకున్నానా? నీడపట్టున అన్నాను. నీడ సంగతి నాకేం తెలుసు? భయం వేసింది, చెప్పాను. నా మోకాళ్ళు మాట్లాడాయి, నేను కాదు."

అమ్మకి ఆ రోజు రెండో షిఫ్టు. టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి తొట్టిలోకి ఒకసారి చూసి, గ్లాసు ఆయన చేతికిచ్చింది.

"పోనీలే. తమ్ముడు ఒక్కడే అనుకున్నాను, అన్నకీ ఆ విద్య వచ్చు" అంది.

నాన్నకి నవ్వొచ్చింది. నవ్వితే మనిషి తేలికయ్యాడు. టీ తాగుతూ పెరటి గోడ కూలిన సందులోకి చూస్తూ కూర్చున్నాడు.

"నాకు నీ వయసున్నప్పుడు" అన్నాడు, "ఊళ్ళో కట్టుబడులన్నీ ఆగిపోయాయి. పనిలేదు. ఒకచోట పెద్ద భవనానికి కమాన్లు కట్టే మనిషి కావాలన్నారు. నాకు గోడ వచ్చు గానీ కమాను రాదు. నాతో వచ్చినవాళ్ళంతా వచ్చని చెప్పారు. నన్నూ చెప్పమన్నారు. ఆకలి మీద ఉన్నాను, నోటిదాకా వచ్చింది. కానీ ఆ మేస్త్రి ముఖం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. నాకు తెలీదు, ఒకటి కట్టి చూపించండి, రెండోది నేను కడతానన్నాను. పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వారు. మేస్త్రి మాత్రం నవ్వలేదు. ముందు తట్ట మొయ్యి అన్నాడు. మోశాను. తల పైకెత్తి ఆయన చేతులు చూస్తూ మోశాను. పైనుంచి సున్నం మాలు కళ్ళల్లో పడేది. వానలు మొదలయ్యేసరికి కమాను నా చేతికొచ్చింది."

గ్లాసు కింద పెట్టి కూతురి వైపు తిరిగాడు.

"తెలీదు అన్న మాటని నోట్లో దాచుకుని కూర్చోకు నాన్నా. అది సిగ్గుపడే మాట కాదు. పట్టుకెళ్ళి తెలిసినవాళ్ళ ముందు పెట్టు. తెలీదు, చూపించండి అను."

దబ్బుమన్లేదు. ఈసారి ఠంగుమంది. మెట్టు అంచుకి తగిలి పక్కకి దొర్లిపడింది. నల్లగా మాడిన ఇటుక, ఒక మూల కాస్త వంకర, అందంగా ఏం లేదు. నిదానం అడక్కుండానే దాన్ని తూచి తొట్టిలో వేసింది. నీళ్ళు మార్చి, ఆదివారమంతా ఉంచింది. ఆదివారం బాబాయి వచ్చి రెండు పడేసిపోయినా వాటి జోలికి పోలేదు. సోమవారం పొద్దున్న తీసి తుడిచి తూచింది. నీరు తాగిందా అంటే తాగింది, పేరుకి.

గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"ఎక్కడికే?" అంది ఆ రోజు సెలవులో ఉన్న అమ్మ.

"బస్సు దిగడానికి."

అమ్మ తువ్వాలు అందించింది. "తల తుడుచుకుని పో, తడిగా ఉంది" అంది. ఏమీ పడలేదు.

బస్సు ఊరి చివర ఆగింది. నిదానం లేచింది. కండక్టరు రోజూ చూసే పిల్ల ఇక్కడ దిగడమేంటని చూశాడు. దిగింది. వెనక బస్సు కదిలిపోయాక వెనక్కి వెళ్ళడానికేమీ మిగల్లేదు గనక ముందుకే నడిచింది.

షెడ్డు లోపల సిమెంటు పొడి వాసన. మధ్యలో మనిషంత ఎత్తు యంత్రం. దాని పక్కన నీలం కోటు వేసుకున్న ఒక పెద్దావిడ. జుట్టు మీద బూడిద పడిందో, నెరిసిందో చెప్పలేం. ఆవిడే అక్కడి పర్యవేక్షకురాలు.

"ఏం కావాలి?" అంది తల తిప్పకుండా.

"పని కావాలండీ."

"ఏం వచ్చు?"

నిదానం సంచిని ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది. దారి పొడుగునా నోట్లో పెట్టుకుని మోసుకొచ్చిన మాటే అది. బయటికి రానంటోంది.

"తెలీదండీ" అంది. "ఈ యంత్రం ఎప్పుడూ చూడలేదు. చూపిస్తే నేర్చుకుంటాను. ఇటుకలు తూచి నానబెట్టడం మాత్రం వచ్చు. ఎందుకు కరుగుతాయో కొంచెం తెలిసింది. మిగతాది తెలుసుకోవాలనుంది."

ఆవిడ తల తిప్పింది. అప్పుడు ఆ పిల్లని చూసింది. ఆవిడ ముఖంలో జాలి లేదు. అంతకు ముందు వారమంతా డిగ్రీలు పట్టుకుని వచ్చినవాళ్ళు ఆ యంత్రం తమకి కొట్టినపిండి అని చెప్పి, మీట ఎటు తిప్పాలో తెలీక నిలబడ్డారని ఈ పిల్లకి తర్వాత తెలిసింది.

"సంచిలో ఏంటి?"

"ఇటుక."

"ఏ బట్టీది?"

"బట్టీది కాదండీ. మా నాన్న చెప్పిన మాట."

"నానబెట్టావా?"

"నిన్నంతా నానింది."

"అయితే ఇలా పెట్టు. చూపిస్తాను."

నిదానం చేతులు ఆగిపోయాయి. ఈ యంత్రంలో పెట్టినది మళ్ళీ ముక్కలుగానే వస్తుంది. నాన్న నోట్లోంచి వచ్చిన ఇటుక అది. ఒకటి పోయి వచ్చిన రెండోది. పట్టుకెళ్ళి తెలిసినవాళ్ళ ముందు పెట్టమని ఆయనే చెప్పాడు. పెట్టింది.

పైనుంచి ఇనుప పలక దిగింది. బరువు చూపే ముల్లు కదిలింది. ఆవిడ మీట ఎలా తిప్పాలో, ఎంత నెమ్మదిగా తిప్పాలో చెబుతూ తిప్పింది. "తొందరపడితే యంత్రం అబద్ధం చెబుతుంది. ఇది నిదానంగా చెయ్యాల్సిన పని" అంది. ఆ పిల్ల పేరు ఆవిడకి తెలీదు. ముల్లు మామూలు ఇటుకలు పగిలే గీత దాటింది. ఇంకా దాటింది. పక్కన పనిచేసేవాళ్ళు చేతిలో పని ఆపి వచ్చి నిలబడ్డారు. యంత్రం మూలిగింది. చాలాసేపటికి, ఎవరో పెద్దాయన గొంతు సవరించుకున్నట్టు, ఇటుక రెండు ముక్కలైంది.

ఆవిడ ఒక ముక్క చేతిలోకి తీసుకుని లోపలివైపు చూపించింది. అంచు నుంచి నడిమి దాకా ఒకటే రంగు.

"గుండె దాకా కాలింది" అంది. "ఇది ఇక్కడ ఉంచుతాను, వచ్చేవాళ్ళకి చూపించడానికి. ఆ సగం నువ్వు తీసుకో. పరీక్షలు అయ్యాక రా. ఒక సంవత్సరం చూద్దాం. నచ్చకపోతే నువ్వు చెప్పు, పనికిరాకపోతే నేను చెబుతాను."

"జీవితమంతా ఇదే చేస్తానో లేదో తెలీదండీ" అంది నిదానం. మాట ఒకసారి బయటికి రావడం నేర్చుకుంటే ఇక ఆగదు.

"నాకూ తెలీదు. నేను ఆర్నెల్లకని వచ్చి తల నెరిసిపోయాను. రేపొచ్చి నీ ప్రాజెక్టు ఇటుకలు కూడా పగలగొట్టుకో."

సాయంత్రం కాకముందే ఆ పిల్ల కంపెనీకి ఫోన్ చేసి రానని చెప్పింది. అవతలి గొంతు ఎవరో రాసిచ్చిన జవాబు చదివి వినిపించింది. నిదానం చివరిదాకా విని, థాంక్స్ చెప్పి పెట్టేసింది.

ఇంటికొచ్చేసరికి నాన్న పెరట్లో ఉన్నాడు. తొట్టిలో నిలబడ్డ ఇటుకల్లో ప్రాజెక్టుకి కొన్ని వదిలి మిగతావి ఏరి, మాలు కలిపి, కూలిన గోడకి మొదటి వరస పేర్చేశాడు. కూర్చునే పని గనక మోకాళ్ళు ఊరుకున్నాయి. నిదానం జరిగిందంతా చెప్పి, సంచిలోంచి ముక్క తీసి భయం భయంగా ముందు పెట్టింది.

"పగిలిపోయింది నాన్నా. సగమే మిగిలింది."

నాన్న ముక్కని చేతిలో తిప్పి చూశాడు. బొటనవేలితో లోపలి రంగుని రుద్దాడు. ఆయన కళ్ళు మెరిశాయి. తాపీతో మొదటి వరస చివర చూపించాడు.

"పొద్దున్నుంచీ దేనికోసం వెతుకుతున్నాననుకున్నావు? కింది వరస నిండు ఇటుకతో మొదలెడితే పై వరస సగం ఇటుకతో మొదలెట్టాలి. లేకపోతే అతుకు మీద అతుకు వచ్చి గోడ నిట్టనిలువునా చీలుతుంది. నిండు ఇటుకని పగలగొట్టడానికి మనసొప్పక ఆగాను." ముక్కని ఆ పిల్ల చేతికే తిరిగిచ్చాడు. "పెట్టు."

"నాకు రాదు."

"చూపిస్తాను."

మాలు ఎంత వెయ్యాలో చూపించాడు. నిదానం సగం ఇటుకని మూల పెట్టి అరచేత్తో నొక్కింది. తాపీ పిడితో రెండు దెబ్బలు వేసింది. నాన్న కన్ను మూసి చూసి, కొంచెం లోపలికి అన్నాడు. జరిపింది. ఇటుక కూర్చుంది.

అంతలో గోడ సందులోంచి రేడియో లోపలికొచ్చింది, కుక్కలొచ్చే దారిలోనే.

"కంపెనీకి రానని చెప్పావటగా! ఒక్కమాట నాతో చెప్పొద్దూ? ఇంకో గంటలో నేను చెప్పాలి. చేరనా, మాననా? నువ్వు ఏదంటే అదేనే. ఏం చెయ్యను? చెప్పు!"

నిదానం నోరు తెరిచింది. నాన్న తాపీ గాల్లో ఆగింది. వంటగది గుమ్మంలో అమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"తెలీదే" అంది నిదానం. "నేను బస్సెలా దిగానో చెబుతాను, విను. విని నువ్వే తేల్చుకో. ముందిలా వచ్చి ఈ దారం అటు చివర పట్టుకో. వరస వంకర పోకూడదు."

ఏమీ పడలేదు. రేడియో చెప్పులు విప్పి దారం పట్టుకుంది. పుట్టాక మొదటిసారి నోరు మూసుకుని వింది. సగం ఇటుక పక్కన నిండు ఇటుక కూర్చుంది, దాని పక్కన ఇంకొకటి.